సరిహద్దు దాటే కరెంటు, గ్యాస్ ప్రాజెక్టులు: పొరుగు దేశాలతో సమన్వయం ఎలా చేయాలి

రెండు దేశాల మధ్య ట్రాన్స్‌మిషన్ లైను, మూడు దేశాల మీదుగా గ్యాస్ పైపు, ఉమ్మడి నది మీద జలవిద్యుత్ కేంద్రం. ఇలాంటి ప్రాజెక్టు ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే మొదట కనిపించేది మ్యాపు, దాని మీద ఒక ఎర్ర గీత. ఆ గీత చూస్తే పనంతా ఇంజినీర్లదే అనిపిస్తుంది. మధ్య అమెరికాలో ఆరు దేశాలను కలిపే సీపాక్ కరెంటు లైను పొడవు సుమారు 1,800 కిలోమీటర్లు. దాని ఒప్పందం మీద 1996లో సంతకాలు పడితే, చివరి ముక్క పూర్తయ్యేసరికి 2014 వచ్చింది. టవర్లు నిలబెట్టడానికి అన్నేళ్లు అక్కర్లేదు. కాలమంతా ఎవరు కట్టాలి, ఎవరు చెల్లించాలి, చెడితే ఎవరు బాధ్యులు అన్న దగ్గర తరిగిపోతుంది.

అందుకే ఇక్కడ చెప్పే వరుసలో నిర్మాణానికి చోటు తక్కువ. గొడవ పుట్టే చోట్లను ముందే వెతికి, ఇంకా అందరూ స్నేహంగా ఉన్నప్పుడే వాటిని కాగితం మీద పెట్టించడం మీ అసలు పని.

1. అవసరం ఒక్క వాక్యంలో రాయించండి

మొదటి మీటింగ్‌కు ముందే, ఈ ప్రాజెక్టు తమకెందుకు కావాలో ఒక్క వాక్యంలో రాసివ్వమని ప్రతి దేశ ప్రతినిధినీ అడగండి. ఆ వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివితే చాలా సంగతులు బయటపడతాయి. ఒకరు మిగులు కరెంటు అమ్ముకోవాలంటారు. ఇంకొకరికి కొరత నెలల్లో ఆదుకునే దారి కావాలి. మధ్యలో ఉన్న దేశానికి దారి ఇచ్చినందుకు ఛార్జీ వస్తే చాలు. ముగ్గురి కోరికలూ న్యాయమైనవే, కానీ ఒక్కోదానికి ఒక్కో రకం ఒప్పందం రాసుకోవాలి.

భూటాన్‌లోని 336 మెగావాట్ల చుఖా కేంద్రానికి భారత్ 60 శాతం గ్రాంటుగా, 40 శాతం అప్పుగా డబ్బిచ్చింది, మిగులు కరెంటు తనే కొనుక్కుంది. అక్కడ కొనేవాడెవరో, అమ్మేవాడెవరో మొదటి నుంచీ స్పష్టం. నార్వే, జర్మనీల మధ్య 2021లో మొదలైన నార్డ్‌లింక్ కథ వేరు. జర్మనీలో గాలి బాగా వీచినప్పుడు కరెంటు నార్వేకు వస్తుంది, నార్వే తన జలాశయాల్లో నీళ్లు దాచుకుంటుంది. గాలి తగ్గితే 1,400 మెగావాట్ల వరకు అదే కేబుల్‌లో వెనక్కి వెళ్తుంది. మొదటి రకానికి దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందం సరిపోతుంది. రెండో రకానికి గంట గంటకూ ధర తేల్చే మార్కెట్ లేకపోతే కేబుల్ ఉన్నా ఉపయోగం ఉండదు.

లెక్కలు కూడా కలిసే వేయండి. డిమాండ్ అంచనా, కొత్త ప్లాంట్ల జాబితా, ఇంధనం ధర, నదిలో నీటి రాక ఇరువైపులా ఒకే మోడల్‌లోకి పోవాలి. ఎవరి స్టడీ వాళ్లు చేసుకుని వస్తే, తర్వాత ఏడాది పాటు ఎవరి అంచనా సరైనదన్న వాదనే నడుస్తుంది. బయటి కన్సల్టెంటును పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ మోడల్ మీ ఇంజినీర్ల కంప్యూటర్లలో కూడా తెరుచుకోవాలని, అంకెలు మార్చి మళ్లీ నడిపే హక్కు మీకుండాలని కాంట్రాక్టులో రాయించండి. పీడీఎఫ్ రిపోర్టు చేతికిచ్చి వెళ్లిపోయే కన్సల్టెంట్లే ఎక్కువ.

2. రెండు గ్రిడ్లు ఎలా కలుస్తాయో తేల్చండి

అన్ని దేశాల ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, ఒకటి కాదు. బ్రెజిల్‌ది 60 హెర్ట్జ్, పరాగ్వేది 50. ఆ రెండూ కలిసి కట్టిన ఇటైపు డ్యాంలో 20 యూనిట్లుంటే పది 50 హెర్ట్జ్‌వి, పది 60వి. పరాగ్వే వైపు మిగిలిన కరెంటును డీసీగా (ఊగకుండా ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చి బ్రెజిల్‌కు పంపుతారు. గల్ఫ్ దేశాల్లోనూ ఇదే తంటా. సౌదీ ఒక్కటే 60 హెర్ట్జ్, మిగతావి 50. అందుకని మధ్యలో అల్ ఫదిలి దగ్గర డీసీ కన్వర్టర్ స్టేషన్ పెట్టుకున్నారు.

ఫ్రీక్వెన్సీ ఒకటే అయినా సింక్రనస్‌గా, అంటే రెండు గ్రిడ్లూ ఒకే లయలో నడిచేలా నేరుగా కలపాలా, డీసీతో కలపాలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సింక్రనస్‌గా కలిస్తే పొరుగువారి బలంతో పాటు వారి బ్రేక్‌డౌన్ కూడా మీ గ్రిడ్‌లోకి వస్తుంది. డీసీ లింకుకు ఖర్చు ఎక్కువ, కానీ ఎంత కరెంటు పోవాలో మీ చేతిలో ఉంటుంది. భారత్, బంగ్లాదేశ్‌లు భేరమారా దగ్గర డీసీ స్టేషన్‌నే ఎంచుకున్నాయి. 2013లో 500 మెగావాట్లతో మొదలుపెట్టి 2018లో ఇంకో 500 చేర్చారు. రెండు వ్యవస్థల క్రమశిక్షణ ఒక స్థాయిలో లేనప్పుడు నేనైతే డీసీ వైపే మొగ్గుతాను.

సింక్రనస్‌గా కలపాలని నిర్ణయిస్తే ఏళ్ల తరబడి సన్నద్ధం కావాలి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా 2025 ఫిబ్రవరి 8న రష్యా, బెలారస్‌ల గ్రిడ్ నుంచి విడిపోయి మరుసటి రోజే యూరప్ గ్రిడ్‌లో కలిశాయి. చూడటానికి రెండు రోజుల పని. దాని వెనక లైన్ల బలోపేతం, పరీక్షలు, ఫ్రీక్వెన్సీని నిలబెట్టే సింక్రనస్ కండెన్సర్ల ఏర్పాటు ఉన్నాయి. ఉక్రెయిన్, మోల్డోవాలను 2022 మార్చి 16న, యుద్ధం మధ్యలో యూరప్ గ్రిడ్‌తో కలపగలిగారంటే అంతకుముందు ఏళ్లలో చేసుకున్న తయారీయే కారణం.

చిన్నగా మొదలుపెట్టడానికి వెనుకాడకండి. భారత్, నేపాల్ మధ్య ముజఫర్‌పూర్–ధల్కేబర్ లైనును 400 కేవీ (కిలోవోల్టులు) కోసమే కట్టారు. కానీ 2016లో మొదట 132 కేవీ వద్ద ఛార్జ్ చేశారు (కరెంటు ఎక్కించారు), తర్వాత 220కి, ఆపైన 400కి పెంచారు. లావోస్ కరెంటు థాయ్‌లాండ్, మలేసియాల మీదుగా సింగపూర్ చేరే ఏర్పాటు కూడా 2022లో ఉన్న లైన్ల మీదే, 100 మెగావాట్ల వరకు పరిమితితో మొదలైంది. మంత్రులకు పెద్ద అంకెలంటే ఇష్టమే. చిన్న అంకెతో ఒక ఏడాది సజావుగా నడిపి చూపిస్తే పెద్ద అంకెకు డబ్బు పుట్టడం తేలికవుతుంది.

3. లాభం ఎవరికి, భారం ఎవరికి

మీ సమయంలో సగం దీనికే పెట్టండి.

ఖర్చు పంచుకునే పద్ధతుల్లో అందరికీ ముందు తట్టేది, ఎవరి సరిహద్దు వరకు వాళ్లు కట్టుకోవడం. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ లైను 300 కిలోమీటర్లు ఒక దేశంలో, 20 కిలోమీటర్లు ఇంకో దేశంలో ఉండి, లాభం ఎక్కువగా ఆ 20 కిలోమీటర్ల దేశానిదే అయితే? మధ్యలో కేవలం దారి ఇచ్చే దేశం సంగతేమిటి? యూరప్‌లో ఈ చిక్కు తీర్చడానికి 2013 నాటి నిబంధనల్లోనే ఒక పద్ధతి పెట్టారు. ప్రాజెక్టు వల్ల ఏ దేశానికి ఎంత మేలో లెక్కగట్టి, మేలు పొందే దేశం తన భూభాగంలో అడుగు లైను లేకపోయినా ఖర్చులో వాటా ఇచ్చేలా నియంత్రణ సంస్థలు తేలుస్తాయి.

ఉమ్మడి డ్యాంల దగ్గర ఇంకా మంచి నమూనాలున్నాయి. రువాండా, బురుండి, టాంజానియా కలిసి కట్టుకున్న 80 మెగావాట్ల రుసుమో ఫాల్స్‌లో ముగ్గురికీ సమాన వాటా. కేంద్రం చిన్నదైతే ఈ పద్ధతి హాయి. మాలిలోని మనాంతాలి కేంద్రం 200 మెగావాట్లది. అక్కడ మాలికి 52 శాతం, సెనెగల్‌కు 33, మారిటేనియాకు 15. అన్నిటికన్నా తెలివైనది నా దృష్టిలో కొలంబియా నది ఒప్పందం. 1961లో సంతకమై 1964లో అమల్లోకి వచ్చింది. కెనడా ఎగువన డ్యాంలు కట్టి నీళ్లు నిలిపితే, దిగువన అమెరికా కేంద్రాల్లో అదనంగా పుట్టే కరెంటులో సగం కెనడాది అని అందులో రాసుకున్నారు. వరద ముప్పు తగ్గించినందుకు వేరేగా 6.4 కోట్ల డాలర్లు. అంటే పని ఒకచోట, ఫలితం ఇంకోచోట ఉన్నా పంచుకోవచ్చని అంగీకరించారు.

దేశాల మధ్య వాటాలు కుదిరాయి కదా అని ఊపిరి పీల్చుకోకండి. ప్రాజెక్టులు తరచూ ఆగేది దేశం లోపలి నుంచే. చవక కరెంటు ఉన్న ప్రాంతాన్ని ఖరీదైన మార్కెట్‌తో కలిపితే చవక ప్రాంతంలో ధర పెరుగుతుంది. ఉత్పత్తి కంపెనీలకు పండగ, వినియోగదారుడికి బిల్లు. నార్వేలో ఈ అసంతృప్తి పెరిగి, స్కాట్లాండ్‌కు వెయ్యాలనుకున్న నార్త్‌కనెక్ట్ కేబుల్‌కు 2023లో అనుమతి నిరాకరించారు. మరుసటి ఏడాది స్వీడన్ కూడా జర్మనీకి వెళ్లాల్సిన హన్సా పవర్‌బ్రిడ్జ్‌ను కాదంది.

కాబట్టి ఒక పట్టిక వేయండి. నిలువుగా ప్రతి దేశంలోని వర్గాలు: గృహ వినియోగదారులు, పరిశ్రమలు, ఉత్పత్తి కంపెనీలు, గ్రిడ్ సంస్థ, లైను కింద భూమి పోయేవారు, ఖజానా. అడ్డంగా వచ్చే లాభం, పడే భారం, ఆ భారాన్ని ఎవరు ఎలా తీరుస్తారు. చివరి గడి ఖాళీగా ఉన్న వరుసే రేపు మీ ప్రాజెక్టును ఆపే వరుస. లైను మీద వచ్చే ఆదాయంలో కొంత వినియోగదారుల టారిఫ్ తగ్గించడానికి వెళ్తుందని ముందే రాసుకుంటే ఆ గడి నిండుతుంది.

ధర సూత్రానికి గడువు పెట్టేటప్పుడు ఇటైపును గుర్తుంచుకోండి. 1973 ఒప్పందం ప్రకారం 14,000 మెగావాట్లలో చెరి సగం. పరాగ్వేకు అంత అవసరం లేదు, మిగిలింది మాత్రం బ్రెజిల్‌కే ఇవ్వాలి. ఆర్థిక షరతుల సమీక్ష 50 ఏళ్ల తర్వాత, అంటే 2023లో. అన్నేళ్లు పరాగ్వేలో అసంతృప్తి మరుగుతూనే ఉంది. 2009లో బ్రెజిల్ తను ఇచ్చే పరిహారాన్ని ఏడాదికి 12 కోట్ల డాలర్ల నుంచి 36 కోట్లకు పెంచడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2019లో గుట్టుగా కుదుర్చుకున్న మరో అవగాహన బయటపడేసరికి పరాగ్వే అధ్యక్షుడి పదవికే ఎసరు వచ్చింది, ఆ పత్రాన్ని రద్దు చేసుకున్నారు. రెండు సంగతులు పట్టుకోండి. సమీక్ష పదేళ్లకొకసారైనా ఉండాలి. ధర ఒప్పందం జనానికి చూపించలేనిదైతే దాని మీద సంతకం పెట్టించకండి.

4. కాగితాలను వరుసలో పెట్టండి

పైన ప్రభుత్వాల మధ్య ఒప్పందం, దాని కింద ప్రాజెక్టు కంపెనీకి, ఆయా ప్రభుత్వాలకు మధ్య ఒప్పందాలు, ఆ కింద కొనుగోలు, రవాణా కాంట్రాక్టులు. అజర్‌బైజాన్ నుంచి జార్జియా మీదుగా టర్కీ తీరానికి చేరే 1,768 కిలోమీటర్ల బాకు–త్బిలిసి–జెహాన్ చమురు పైపుకు ఇదే పద్ధతి వాడారు. పైన మూడు దేశాల ఒప్పందం, కింద ఒక్కో దేశంతో విడి ఒప్పందం.

సీపాక్‌లో బాధ్యతలు విడదీసిన తీరు కూడా చూడదగ్గది. లైనుకు యజమాని ఒక కంపెనీ, దాన్ని నడిపించేది ఒక ఉమ్మడి ఆపరేటర్, టారిఫ్ తేల్చేది ప్రాంతీయ నియంత్రణ కమిషన్. అమ్మేవాడే, నడిపేవాడే, తగువు తీర్చేవాడే ఒక్కడైతే పొరుగు దేశం నమ్మదు.

ఇవన్నీ రాసే ముందు ప్రతి దేశంలోని చట్టం ఈ లావాదేవీని అసలు అనుమతిస్తుందో లేదో చూడండి. నేపాల్ కరెంటు బంగ్లాదేశ్ చేరాలంటే భారత గ్రిడ్ గుండా రావాల్సిందే. భారత్ 2018లో తన మార్గదర్శకాలను మార్చి మూడు దేశాల ఒప్పందాలకు దారి తెరిచింది. త్రైపాక్షిక ఒప్పందం 2024 అక్టోబరులో కాఠ్మాండూలో కుదిరింది, నవంబరులో మొదటి 40 మెగావాట్లు పారాయి. ఆ ఒప్పందంలో మీటరు లెక్క ముజఫర్‌పూర్ దగ్గర తీసుకోవాలని రాసుకున్నారు. చిన్న సంగతిలా ఉంటుంది. మీటరు ఎక్కడుందో దాని ముందు వరకు జరిగే లైన్ లాస్ (దారిలో వృథా అయ్యే కరెంటు) అమ్మేవాడిది, దాటాక కొనేవాడిది. ఈ ఒక్క మాట రాయకపోతే నెలనెలా బిల్లు దగ్గర పేచీయే.

5. భూమి, అనుమతులు, ఒకే క్యాలెండర్

పర్యావరణ నివేదిక పొరుగు దేశ ప్రజలకు కూడా, వాళ్ల భాషలో అందాలి. 1991 నాటి ఎస్పో ఒప్పందంలో ఉన్న దేశాలకు ఇది చట్టబద్ధమైన బాధ్యత. మిగతావారికి చట్టం లేకపోయినా చేస్తే మంచిది, ఎందుకంటే అవతలి గ్రామాల అభ్యంతరం కోర్టులో వినడం కన్నా ముందు సభలో వినడం నయం.

ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య పిరనీస్ కొండల మీదుగా లైను వెయ్యాలన్న ప్రయత్నం స్థానికుల వ్యతిరేకతతో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2007లో యూరోపియన్ కమిషన్ తన మాజీ కమిషనర్ మారియో మాంటీని సమన్వయకర్తగా పెట్టింది. చివరికి టవర్లు మానేసి 64.5 కిలోమీటర్ల కేబుల్‌ను భూగర్భంలో వేశారు, అందులో 8.5 కిలోమీటర్లు సొరంగం. 2015లో మొదలైన ఆ లైనుకు సుమారు 70 కోట్ల యూరోలైంది. టవర్లతో పోలిస్తే చాలా ఖరీదు. కానీ కట్టలేని చవక లైను లెక్కలోకి రాదు కదా. రెండు దేశాల గ్రిడ్ సంస్థలు సమాన వాటాతో ఒకే కంపెనీ పెట్టుకోవడం వల్ల టెండర్లు, షెడ్యూలు కూడా ఒకే చోట నడిచాయి.

మీకు అలాంటి కంపెనీ లేకపోతే కనీసం క్యాలెండర్ ఒకటే ఉండాలి. ఒక వైపు పూర్తయి, రెండో వైపు పునాదులు కూడా పడకపోతే పూర్తి చేసినవాడి అప్పు మీద వడ్డీ ఎవరు కడతారు? కాసా–1000 చూడండి. కిర్గిజిస్తాన్, తజికిస్తాన్‌ల వేసవి మిగులు 1,300 మెగావాట్లు అఫ్గానిస్తాన్ మీదుగా పాకిస్తాన్‌కు వెళ్లాలి. 2021లో కాబూల్ ప్రభుత్వం మారాక అఫ్గాన్ భాగం పని ఆగింది. 2024లో గానీ ప్రపంచ బ్యాంకు ఆ భాగాన్ని మళ్లీ ముందుకు తీసుకోలేదు. మిగతా మూడు దేశాలూ తమ పని చేసుకుంటూ ఎదురుచూడాల్సి వచ్చింది. ఆలస్యం ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి చేతిలో లేనిది అన్న తేడాను, ఒక్కోదానికి పరిహారాన్ని ముందే రాసుకోండి.

6. కంట్రోల్ రూముల మధ్య ఫోను

లైను ఛార్జ్ అయిన రోజు రిబ్బన్ కట్ చేస్తారు, ఫొటోలు దిగుతారు. అసలు సమన్వయం ఆ రాత్రి నుంచి మొదలవుతుంది.

2003 సెప్టెంబరు 28 తెల్లవారుజామున 3 గంటలు దాటాక స్విట్జర్లాండ్‌లో ఒక లైను చెట్టుకు తగిలి ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. ఇటలీకి కరెంటు మోసే లైన్లలో అదొకటి. స్విస్ ఆపరేటర్ దాదాపు పది నిమిషాల తర్వాత ఇటలీకి ఫోన్ చేసి దిగుమతి 300 మెగావాట్లు తగ్గించమన్నాడు. ఇటలీ తగ్గించింది కూడా. అది చాలలేదు. 3.25కు రెండో లైను పడిపోయింది, ఆ వెంటనే మిగతావి. సార్డీనియా ద్వీపం తప్ప దేశమంతా చీకటి, సుమారు 5.6 కోట్ల మందికి కరెంటు లేదు. ఫోన్ చేశారు, చెప్పింది చేశారు, అయినా మునిగారు. ఎంత తగ్గించాలో, ఎన్ని నిమిషాల్లో తగ్గించాలో ముందే లెక్కగట్టి కాగితం మీద ఉండి ఉంటే ఆ అర్ధరాత్రి బేరం అవసరం ఉండేది కాదు.

2006 నవంబరు 4 సంగతి ఇంకా విచిత్రం. జర్మనీలో ఎమ్స్ నది మీద ఓ పెద్ద ఓడ వెళ్లడానికి లైను ఆపాల్సి ఉంది. ఆపే సమయాన్ని ముందుకు జరిపారు, పక్క ఆపరేటర్లకు ఆ మాట ఆలస్యంగా చేరింది. పైగా ఒత్తిడి పడిన మరో లైనుకు రెండు చివర్లలో రెండు సంస్థలు, వాళ్ల రక్షణ సెట్టింగులు వేరు వేరు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా చేసిన స్విచింగ్‌తో ఆ లైను ట్రిప్ అయి, యూరప్ గ్రిడ్ మూడు ముక్కలైంది. కోటిన్నర ఇళ్లకు కరెంటు పోయింది.

ఈ రెండింటి నుంచి మీ ఆపరేషన్ మాన్యువల్‌లోకి వెళ్లాల్సినవి: ఒకే లైను రెండు చివర్ల సెట్టింగులు ఒకే పత్రంలో, ఇద్దరి సంతకాలతో. లైన్ షట్‌డౌన్ సమయం మారితే పాత అనుమతి దానంతటదే రద్దు. రికార్డయ్యే ప్రత్యేక ఫోన్ లైను, మాట్లాడే భాష ఏదో ముందే నిర్ణయం. విన్నవాడు విన్నది తిరిగి చెప్పాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి షిఫ్టులో ఉన్న ఇంజినీరుకు ఎవరినీ అడక్కుండా లోడ్ తగ్గించే అధికారం. పై అధికారిని నిద్ర లేపి అనుమతి తీసుకునేదాకా గ్రిడ్ ఎదురుచూడదు. ఏడాదికి రెండుసార్లు ఉమ్మడి డ్రిల్ పెట్టండి, చెప్పకుండా పెడితే ఇంకా మంచిది.

రాజకీయం కూడా కంట్రోల్ రూముల్లోకి వస్తుంది. 2018 మొదట్లో సెర్బియా, కొసోవోల మధ్య వివాదంతో కొసోవో వాడిన కరెంటుకు సరిపడా ఉత్పత్తి ఎవరూ గ్రిడ్‌లో పెట్టలేదు. లోటు 113 గిగావాట్ అవర్లకు చేరింది, ఫ్రీక్వెన్సీ కొద్దిగా కుంగింది, దాని మీద ఆధారపడి నడిచే గడియారాలు యూరప్‌లో 25 దేశాల్లో ఆరు నిమిషాల దాకా వెనకబడ్డాయి. తేడా పడిన యూనిట్లను ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏ ధరకు పూడ్చాలో రాసుకోవడం అందుకే.

7. డబ్బు ఆగితే, స్నేహం చెడితే

కొనేవారి బకాయి పెరగడం సాధారణంగా వచ్చే తగువు. 2024 చివర్లో బంగ్లాదేశ్ బకాయిలు పేరుకుపోవడంతో జార్ఖండ్‌లోని గొడ్డా ప్లాంటు నుంచి సరఫరా దాదాపు సగానికి తగ్గింది. బిల్లు డాలర్లలో, వసూళ్లు స్థానిక కరెన్సీలో ఉన్నప్పుడు మారకం విలువ పడిపోతే ఈ పరిస్థితి ఎవరికైనా వస్తుంది. కొన్ని నెలల బిల్లుకు సరిపడా బ్యాంకు గ్యారంటీ, ఎన్ని రోజుల బకాయికి ఎంత శాతం కోత, కోతకు ముందు ఎన్ని నోటీసులు అన్నవి మెట్లు మెట్లుగా రాయండి. ఒక్కసారిగా స్విచ్ ఆపే హక్కు ఎవరికీ ఇవ్వొద్దు.

వివాదాలను కూడా రెండు రకాలుగా విడగొట్టండి. మీటరు, నష్టాలు, షెడ్యూలు లాంటివి ఇద్దరూ ఒప్పుకున్న నిపుణుడికి, తక్కువ గడువులో. ధర, ఒప్పందం రద్దు లాంటివి మూడో దేశంలోని ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పుకు). అన్నిటినీ ఆర్బిట్రేషన్‌కు పంపితే నలభై వేల యూనిట్ల తేడా మీద కూడా లాయర్లు ఏళ్లు గడిపేస్తారు.

చివరి పేజీలో, ఒప్పందం ముగిశాక ఆస్తి ఎవరిదో రాయాలి. అల్జీరియా గ్యాస్‌ను మొరాకో మీదుగా స్పెయిన్‌కు చేర్చే పైపు ఒప్పందం 2021 అక్టోబరు 31తో ముగిసింది. మొరాకోతో సంబంధాలు అప్పటికే తెగిపోవడంతో అల్జీరియా దాన్ని పొడిగించలేదు. పైపులో గ్యాస్ ఆగింది, పైపు మాత్రం మొరాకో నేలలోనే ఉంది, దాని యాజమాన్యం కూడా మొరాకోకే దక్కింది. 2022లో స్పెయిన్ నుంచి వెనక్కి గ్యాస్ పంపి అదే పైపును మొరాకో వాడుకుంది. మీ లైనుకు సరిహద్దు ఇవతల ఉన్న టవర్లు, సబ్‌స్టేషన్లు గడువు తీరాక ఎవరి పేరు మీద ఉంటాయో, వాటిని తిప్పి వేరే పనికి వాడుకోవచ్చో లేదో లాయర్లతో కూర్చుని తేల్చుకున్నాకే సంతకాల తేదీ ఖరారు చేయండి.